ర్యామ్ పాఠాలు – 4: ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాక ఒక రాత్రి

పోయిన పాఠంలో బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్ళి ఎక్స్‌ఎంపీ, అంటే మెమరీని డబ్బా మీద రాసిన స్పీడుకి నడిపే సెట్టింగ్, ఎక్కడుందో చూసిపెట్టుకున్నాం. ఇవాళ దాన్ని ఆన్ చేద్దాం. ఆన్ చేయడం అర నిమిషం పని. ఆ స్పీడు దగ్గర మెమరీ తప్పు చేయకుండా నడుస్తోందా అని తేల్చుకోవడానికి మాత్రం ఒక రాత్రి పడుతుంది.

డబ్బా మీద 3200 అని ఉన్న డీడీఆర్4 స్టిక్ బిగించగానే చాలా సిస్టమ్‌లలో 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంది. 1.2 వోల్టులతో నడిచే మామూలు స్పీడు అది. 3200 కోసం తయారీదారు పరీక్షించిన ప్రొఫైల్ వేరేగా స్టిక్ మీద చిన్న చిప్పులో రాసి ఉంటుంది, ఎక్కువ రకాలకు 1.35 వోల్టులు కావాలి. అయితే వాళ్ళు పరీక్షించింది స్టిక్‌ని. ఆ స్టిక్‌ని నడిపే మెమరీ కంట్రోలర్ ఉండేదేమో మీ ప్రాసెసర్‌లో. చిక్కంతా అక్కడే. (మెమరీ స్పీడు చూపించే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంలో 1600 అని కనబడితే కంగారు పడకండి. ఒక్కో క్లాకుకి రెండుసార్లు డేటా వెళ్తుంది కాబట్టి అది 3200 కిందే లెక్క.)

ఎంవీపీ కాలనీలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే ఒక తమ్ముడికి నేనే సిస్టమ్ కట్టిచ్చాను. రెండు 8 జీబీ స్టిక్‌లతో 3200 దగ్గర ఏడాది చక్కగా నడిచింది. తర్వాత అతను డాబాగార్డెన్స్‌లో అదే స్పీడుది ఇంకో జత కొని తనే పెట్టుకున్నాడు. విండోస్ వచ్చింది, ఎడిటింగ్ నడిచింది. నెల తిరక్కుండా ఫోన్: "అన్నా, జిప్ ఫైళ్ళు విప్పుతుంటే సీఆర్‌సీ ఎర్రర్ అంటోంది. డిస్క్ పోయిందా?" సీఆర్‌సీ ఎర్రర్ అంటే ఫైల్లో డేటా చెడిందని. డిస్క్ బాగానే ఉంది. పెన్‌డ్రైవ్‌లో మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం పెట్టి నడిపాం. నలభై నిమిషాలు ఎర్రర్లు సున్నా. టీ తాగి వచ్చేసరికి ఎర్రర్స్ దగ్గర 3.

మూడే కదా అనిపిస్తుంది. కానీ ఆ నెలంతా కాపీ చేసిన ప్రతి ఫైలూ ఆ మెమరీ మీదుగానే వెళ్ళింది, బ్యాకప్‌తో సహా. అందుకే ఈ పరీక్షలో నాకు సున్నా తప్ప ఇంకో అంకె పనికిరాదు.

ఇక మీ పని. రెండే స్టిక్‌లు ఉంటే, నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి. మన వైజాగ్‌లో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. బీచ్ వైపు ఇళ్ళలో కిటికీ పక్కనుండే కేబినెట్ తెరిస్తే స్క్రూలే తుప్పు పట్టి కనిపిస్తాయి. స్టిక్ అంచునుండే బంగారు పూతకి తుప్పు రాదు గానీ చెమ్మ, దుమ్ము కలిసి జిడ్డులా పేరుకుంటుంది. చాలామంది రబ్బరుతో రుద్దుతారు, పూత పలచన కాబట్టి నేను వద్దంటాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాక బిగించండి.

ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, సేవ్ చేసి బయటికి రండి. స్క్రీన్ నల్లగా ఉండిపోయి సిస్టమ్ రెండు మూడుసార్లు తనే రీస్టార్ట్ కావచ్చు. బోర్డు మెమరీని సరిచూసుకుంటోందన్నమాట, టెన్షన్ పడి బటన్ నొక్కొద్దు. డీడీఆర్5 అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు కూడా పడుతుంది. ఎంతకీ రాకపోతే ప్లగ్ తీసేసి సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచుకునే చోటు) క్లియర్ చేయండి, పాత సెట్టింగులు వచ్చేస్తాయి.

తర్వాత మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు (పరీక్షలన్నీ ఒకసారి పూర్తయితే ఒక పాస్). 16 జీబీకి కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. కరెంటు పోతే మళ్ళీ మొదటినుంచి నడపాలి కాబట్టి యూపీఎస్ మీద పెట్టండి. కేబినెట్ మూసి, ఏసీ ఆపి నడపండి. మెమరీ చిప్పులో ప్రతి బిట్టూ ఒక చిన్న చార్జి. వేడి పెరిగేకొద్దీ అది త్వరగా కారిపోతుంది. డిసెంబరు రాత్రి పాసైన సిస్టమ్ మే నెల మధ్యాహ్నం తప్పు చేయడం నేను చూశాను.

ఎర్రర్ వస్తే ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ముందు ఒక్కో స్టిక్‌ని విడిగా, ఒకే స్లాట్‌లో, ఎక్స్‌ఎంపీ ఆపి పరీక్షించండి. మామూలు స్పీడు దగ్గర కూడా ఎర్రర్ వస్తే ఆ స్టిక్ వారంటీకి వెళ్ళాల్సిందే. అన్నీ పాసైతే బయోస్ అప్‌డేట్. ఆ తర్వాత కమాండ్ రేటు (ఆదేశం అందుకోవడానికి మెమరీకిచ్చే క్లాకుల లెక్క) 1టీ నుంచి 2టీకి. అప్పుడూ లొంగకపోతే వోల్టేజీ 1.37 దాకా, లేదా స్పీడు ఒక మెట్టు కిందికి.

మన తమ్ముడి సిస్టమ్‌లో నాలుగు స్టిక్‌లూ విడివిడిగా పాసయ్యాయి. కలిపితేనే తప్పు. అతనిది రైజెన్ 5000 ప్రాసెసర్. దానికి ఏఎండీ ఇచ్చిన లెక్కలోనే రెండు స్టిక్‌లకు 3200, నాలుగు సింగిల్ ర్యాంక్ (చిప్పులన్నీ ఒకే జట్టుగా పనిచేసే) స్టిక్‌లకు 2933 అని ఉంది. 2933కి దించాం. నాలుగు పాస్‌లు, సున్నా. ఎడిటింగ్‌లో తేడా అతనికి కంటికి ఆనలేదు.

మీరూ నడిపి తేదీ, స్పీడు, వోల్టేజీ, పాస్‌లు, ఎర్రర్లు నోట్‌బుక్‌లో రాసుకోండి. వాటి పక్కనే మీ స్టిక్ లేబుల్ మీద 16-18-18-38 లాగా ఉండే నాలుగు అంకెలు కూడా. వచ్చే పాఠం వాటి మీదే.