పేరున్న యూనివర్సిటీ వదిలి చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి వెళ్లాలంటే ఏమేం చూస్కోవాలి

అమెరికాలో పన్నెండో క్లాసు పిల్లలున్న తెలుగు ఇళ్లల్లో మార్చి, ఏప్రిల్ వస్తే ఏ కాలేజీలో చేరాలన్నది తప్ప ఇంకో టాపిక్ ఉండదు. పెద్ద యూనివర్సిటీ పేరు చెప్తే అందరికీ అర్థమవుతుంది, అదే విలియమ్స్ అనో కార్ల్‌టన్ అనో ఒక చిన్న కాలేజీ పేరు చెప్తే "అదెక్కడుంది?" అంటారు. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి చేతికొచ్చిన మంచి సీటు వదిలేసుకునే వాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నా. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఇంటర్ అవ్వగానే డిగ్రీకి అమెరికా పంపుదామనుకునే వాళ్లకీ పనికొస్తుంది.

ముందు ఒక విషయం క్లియర్ చేస్కోవాలి. లిబరల్ ఆర్ట్స్ అనగానే బొమ్మలేయడం, కవిత్వం అనుకుంటారు మనవాళ్లు. కాదండి. ఫిజిక్స్, మాథ్స్, కెమిస్ట్రీ, ఎకనమిక్స్, సీఎస్ అన్నీ ఉంటాయి. క్రిస్పర్ (జన్యువుల్ని కత్తిరించి మార్చే పద్ధతి) మీద 2020లో కెమిస్ట్రీ నోబెల్ తీసుకున్న జెనిఫర్ డౌడ్నా డిగ్రీ చదివింది కాలిఫోర్నియాలో పొమోనా కాలేజీలో. ఇంటెల్ పెట్టిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ నాయిస్ అయోవాలోని గ్రినెల్‌లో చదివాడు. స్వార్త్‌మోర్‌లో, హార్వీ మడ్‌లో అచ్చంగా ఇంజినీరింగే చదవొచ్చు. తేడా ఎక్కడంటే ఈ కాలేజీల్లో చాలావాటిలో రెండు మూడు వేలకి మించి పిల్లలుండరు, పీహెచ్‌డీ స్టూడెంట్స్ దాదాపు ఉండరు, కాబట్టి పాఠం చెప్పేదీ, పేపర్ దిద్దేదీ, ల్యాబ్‌లో పక్కన నిలబడేదీ ప్రొఫెసరే.

అయితే ఇది అందరికీ సరిపోదు. ఏరోస్పేస్ కావాలి, నర్సింగ్ కావాలి అని పక్కాగా ఉన్న పిల్లలకి ఇక్కడ ఆ కోర్సే ఉండకపోవచ్చు. పెద్ద స్టేడియం, వేలమంది జనం మధ్య ఉంటేనే ఉత్సాహంగా ఉండే పిల్లలకి ఒక చిన్న టౌన్‌లో నాలుగేళ్లు కష్టమే. క్లాసులో ప్రశ్న అడగడానికి మొహమాటపడి, ముగ్గురు నలుగురితో కూర్చుంటే మాత్రం బాగా మాట్లాడే పిల్లలున్నారు చూడండి, వాళ్లకి నా మటుకు నేను కళ్లు మూసుకుని చిన్న కాలేజీయే చెప్తా. విలియమ్స్‌లో ట్యుటోరియల్ అని ఒక పద్ధతి ఉంది, ఒక ప్రొఫెసరు, ఇద్దరు స్టూడెంట్లు, అంతే. ఈ వారం ఒకరు వ్యాసం రాసి చదువుతారు, రెండోవాళ్లు దాన్ని విమర్శిస్తారు, వచ్చేవారం అటుది ఇటు. దాక్కోవడానికి చోటుండదు, అలా ఒక సెమిస్టర్ కూర్చుంటే ఎంత మొహమాటమున్నా పోతుంది.

ఇక ర్యాంకులు పక్కన పెట్టి ఎలా పోల్చుకోవాలో చెప్తా. కాలేజీ పేరు పక్కన "కామన్ డేటా సెట్" అని కొట్టి గూగుల్ చేయండి, కాలేజీ తన లెక్కలన్నీ ఒకే ఫార్మాట్‌లో పెట్టే రిపోర్ట్ అది, చాలా కాలేజీలు ఏటా పెడతాయి. అందులో ఐ (I) సెక్షన్ తీస్తే ఎంతమంది ఉన్న క్లాసులు ఎన్నో టేబుల్ ఉంటుంది. దీన్ని జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే అక్కడ లెక్కేసేది క్లాసుల్ని, పిల్లల్ని కాదు. పదిమంది ఉన్న క్లాసులు పది, మూడొందల మంది ఉన్న క్లాసు ఒకటి ఉందనుకోండి, "మా క్లాసుల్లో 90 శాతం పైగా చిన్నవే" అని చెప్పుకోవచ్చు, కానీ మొత్తం 400 సీట్లలో 300 ఆ పెద్ద హాల్లోనే ఉన్నాయి. అందుకే శాతం చూడకుండా వంద దాటిన క్లాసుల గడి చూడండి, మంచి చిన్న కాలేజీల్లో అక్కడ సున్నానో, ఒకటో రెండో ఉంటుంది.

తర్వాత చూడాల్సింది కోర్సులు, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. క్యాటలాగ్‌లో ఉన్న ప్రతి కోర్సూ ఏటా చెప్పరు. కాబట్టి క్యాటలాగ్ కాకుండా గత రెండేళ్ల సెమిస్టర్ షెడ్యూల్ తీసి మీ పిల్లల సబ్జెక్ట్‌లో పైస్థాయి కోర్సులు ఏవి నిజంగా నడిచాయో చూడండి. మన పిల్లల్లో హైస్కూల్లోనే మల్టీవేరియబుల్ కాల్కులస్, లీనియర్ ఆల్జీబ్రా అయిపోయిన వాళ్లుంటారు, అలాంటి వాళ్లకి చిన్న డిపార్ట్‌మెంట్‌లో మూడో ఏడు వచ్చేసరికి తీసుకోడానికి కోర్సులే మిగలకపోవచ్చు. దీనికి మార్గం పక్క కాలేజీలతో ఒప్పందం ఉన్నవి వెతకడం. పొమోనా, హార్వీ మడ్, స్క్రిప్స్, పిట్జర్, క్లేర్‌మాంట్ మెకెన్నా ఐదూ పక్కపక్కనే ఉంటాయి, ఒకదాంట్లో చేరి ఇంకోదాంట్లో క్లాసుకి నడిచి వెళ్లొచ్చు. ఆమ్‌హర్స్ట్, స్మిత్, మౌంట్ హోల్యోక్ వాళ్లు పక్కనే ఉన్న యూమాస్ ఆమ్‌హర్స్ట్‌లో కోర్సులు తీసుకోవచ్చు, అది పెద్ద స్టేట్ యూనివర్సిటీ. సీఎస్ అయితే క్లాసుల్లో సీటు దొరుకుతుందా, లాటరీ ఏమన్నా పెడుతున్నారా అని అక్కడ చదువుతున్న పిల్లల్నే అడగండి.

రీసెర్చ్ ఉండదంటారు కొందరు, అది నిజం కాదు. రీడ్ కాలేజీలో న్యూక్లియర్ రీసెర్చ్ రియాక్టరే ఉంది, లైసెన్స్ తెచ్చుకుని దాన్ని నడిపేది ఎక్కువగా డిగ్రీ పిల్లలే. అక్కడ చివరి ఏడాది థీసిస్ అందరూ రాయాల్సిందే. పీహెచ్‌డీకి వెళ్లాలనుకునే వాళ్లకి పేరు పెట్టి గుర్తుపట్టి రికమెండేషన్ రాసే ప్రొఫెసర్ ఉండటం ఎంత విలువో అప్లై చేసేటప్పుడు తెలుస్తుంది. ఒక జాగ్రత్త, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే సమ్మర్ రీసెర్చ్ సీట్లు సిటిజన్లకీ గ్రీన్‌కార్డ్ వాళ్లకీ మాత్రమే, కాబట్టి వీసా మీదున్న పిల్లలైతే కాలేజీ సొంత ఫండ్స్‌తో ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఎంతమందికి దొరుకుతుందో ముందే అడగాలి.

డబ్బు సంగతి. స్టిక్కర్ ధర చూస్తే గుండె ఆగుతుంది, చాలావాటిలో అన్నీ కలిపి ఏడాదికి 80, 90 వేల డాలర్లు. కానీ అది అందరూ కట్టే రేటు కాదు. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాల్కులేటర్ ఉంటుంది, మీ ఆదాయం వేసి చూడండి. విలియమ్స్, ఆమ్‌హర్స్ట్, బౌడిన్ లాంటివి మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వవు, అవసరాన్ని బట్టే ఇస్తాయి. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇంటికి అక్కడ ఏమీ రాకపోవచ్చు, అలాంటప్పుడు గ్రినెల్, మకాలెస్టర్, డెనిసన్ లాంటి మెరిట్ ఇచ్చే చోట్ల కూడా అప్లై చేసి పెట్టుకోవాలి. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీదున్న పిల్లల అమ్మానాన్నలు ఇది గట్టిగా పట్టించుకోండి: ఫెడరల్ ఎయిడ్, అంటే అమెరికా ప్రభుత్వం చదువుకిచ్చే ఆర్థిక సాయం, రాదు, చాలా చోట్ల ఎయిడ్ విషయంలో ఇంటర్నేషనల్ లెక్కలోకే వస్తారు, ఒక్కో కాలేజీ ఒక్కోలా చూస్తుంది. ఎయిడ్ అడిగారని సీటు ఆపకుండా, విదేశీ పిల్లల్ని కూడా సమానంగా చూసేవి తక్కువ, వాటిలో ఆమ్‌హర్స్ట్, బౌడిన్ ఉన్నాయి. ఎయిడ్ ఆఫీసుకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా సమాధానం తెచ్చుకోండి, ఫోన్లో విన్నది సరిపోదు.

వీసా వాళ్లకి ఇంకోటి, మేజర్‌కి (ముఖ్య సబ్జెక్ట్‌కి) ఉన్న సిఐపి కోడ్, అంటే ప్రభుత్వ లిస్టులో ఆ సబ్జెక్ట్‌కున్న నంబరు. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మాథ్స్) లిస్టులో ఉంటేనే చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికిచ్చే ఏడాది ఓపీటీ మీద ఇంకో 24 నెలలు వస్తాయి. ఎకనమిక్స్ అన్నది ఒక కాలేజీలో స్టెమ్ కోడ్ కింద, ఇంకో కాలేజీలో మామూలు కోడ్ కింద ఉండొచ్చు.

చిన్న కాలేజీ అంటే ఏదైనా పర్లేదని కాదు. మార్ల్‌బరో కాలేజీ 2020లో మూతపడింది, వెల్స్ కాలేజీ 2024లో. ఎండోమెంట్ (కాలేజీ దగ్గరున్న సొంత నిధి) ఎంతుంది, నాలుగైదేళ్లుగా చేరేవాళ్లు తగ్గుతున్నారా అని చూడకుండా డిపాజిట్ కట్టొద్దు.

వీలైతే ఒకసారి వెళ్లి రండి, టూర్ గైడ్‌తో తిరగడం కాదు, ఒక మామూలు క్లాసులో మీ అమ్మాయినో అబ్బాయినో కూర్చోనివ్వండి, ఎవరు మాట్లాడుతున్నారో, క్లాసయ్యాక ఎంతమంది ఆగి ప్రొఫెసర్‌తో మాట్లాడుతున్నారో చూడమనండి. కెరీర్ ఆఫీసులో పోయినేడాది ఈ మేజర్ వాళ్లు ఎక్కడ చేరారని లిస్టు అడగండి, ఇంటర్నేషనల్ వాళ్లది విడిగా అడగండి. (ఇండియాలోనే ఇలాంటి చదువు కావాలంటే మన శ్రీసిటీలో క్రియా, సోనీపత్‌లో అశోకా ఉన్నాయి, అవి కూడా ఇదే పద్ధతిలో పరిశీలించొచ్చు.)

ఎర్లీ డెసిషన్ (సీటొస్తే చేరతానని మాటిచ్చి ముందుగా అప్లై చేయడం) వేస్తే కట్టుబడాలి, ఎయిడ్ పోల్చుకునే అవకాశం పోతుంది, కాబట్టి డబ్బు లెక్క తేలని ఇంట్లో రెగ్యులర్‌లోనే వేయండి. ఆఫర్లు వచ్చాక చాలా చోట్ల మే 1 వరకు టైమ్ ఉంటుంది, ఆ లోపు ఎయిడ్ తక్కువొచ్చిన కాలేజీకి వేరే ఆఫర్ లెటర్ జతచేసి మళ్లీ చూడమని మర్యాదగా రాయండి, ఉద్యోగం పోవడం, ఆస్పత్రి ఖర్చు లాంటివి ఏమన్నా ఉంటే కాగితాలతో సహా పెట్టండి.