డైమ్ రోల్స్‌లో వెండి దొరకడం లేదా? ముందు ఇవి చూసుకోండి

అమెరికాలో బ్యాంకు నుంచి డైమ్ రోల్స్ (పేపరులో చుట్టిన పది సెంట్ల నాణేల కట్టలు) తెచ్చి వెండి నాణేల కోసం వెతికే మనవాళ్లు నన్ను అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు. "ఎన్ని బాక్సులు విప్పినా ఒక్కటీ లేదు", "అంచు తెల్లగా ఉంది కానీ 1978 అని ఉంది", "నల్లగా ఉన్నది పక్కన పడేశాను, అది వెండేనా?" ఇలాంటివి. వీటిలో చాలావాటికి జవాబు ఒక్క చిన్న తనిఖీలో దొరుకుతుంది. ఆ తనిఖీనే అందరూ వదిలేస్తున్నారు.

1964 వరకు డైమ్‌లో 90 శాతం వెండి, 10 శాతం రాగి ఉండేవి. 1965లో చట్టం మారాక మధ్యలో రాగి, పైనా కిందా రాగి-నికెల్ పొరలు ఉన్న క్లాడ్ నాణేలు వచ్చాయి. రోల్‌కు 50, బాక్సుకు 50 రోల్స్, అంటే 250 డాలర్లకు 2,500 డైమ్‌లు. ఇదంతా మీకు తెలిసిందే అనుకుని ముందుకు వెళ్తున్నాను.

సమస్య: బాక్సులకు బాక్సులు ఖాళీగా పోతున్నాయి

మొదటి రెండు మూడు రోల్స్ విప్పగానే సంవత్సరాలు చదవండి. అన్నీ తళతళలాడుతూ, ఒకటి రెండు ఈ మధ్య సంవత్సరాలవే ఉంటే అవి మింట్ (టంకశాల) నుంచి నేరుగా వచ్చిన కొత్త నాణేలు. వాటిలో పాత వెండి ఉండే అవకాశమే లేదు. మిగతా 47 రోల్స్ విప్పి వేళ్లు నొప్పి పుట్టించుకోవద్దు. పేపరు చింపకుండా తిరిగి ఇచ్చేస్తే సరిపోతుంది. ఇది చూసుకోకుండా బాక్సు మొత్తం విప్పి, సాయంత్రం అంతా అంచులు చూస్తూ కూర్చునేవాళ్లు ఎందరో. నాకు నిజంగా బాధ కలిగించే సంగతి ఇదే.

నాణేలు పాతవీ కొత్తవీ కలిసి ఉన్నాయి, అయినా వెండి లేదు అంటే, ఒకటి రెండు బాక్సులకు దాన్ని సమస్య అనుకోవద్దు. ఖాళీ బాక్సు మామూలే. ఒక బాక్సుకు ఒకటి దొరికితే సంతోషించాలి. కానీ వరసగా ఖాళీలే వస్తుంటే మాత్రం అదృష్టాన్ని తిట్టుకోవద్దు. దానికి కంటికి కనిపించని ఒక కారణం ఉంది, నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది అదే.

మీ చేతికి వస్తున్నవి ముందే వెతికేసిన నాణేలు. అవి ఇంకొకరు వెతికినవి కావచ్చు, మీరే వెతికి తిరిగి ఇచ్చినవి కావచ్చు.

ఇది ఎలా జరుగుతుందో అర్థం కావాలంటే చిల్లర ఎక్కడ తిరుగుతుందో చూడాలి. బ్యాంకు బ్రాంచిలో మిగిలిన చిల్లరను బ్రింక్స్, లూమిస్ లాంటి నగదు రవాణా కంపెనీల బండ్లు తీసుకెళ్తాయి. వాళ్ల గోదాములో మెషీన్లు లెక్కపెట్టి, రోల్స్ చుట్టి, బాక్సుల్లో పెట్టి మళ్లీ చుట్టుపక్కల బ్యాంకులకే పంపుతాయి. అంటే మీ ఊళ్లో నాలుగు వేర్వేరు బ్యాంకుల బోర్డులు కనిపించినా, వాటన్నిటికీ బాక్సులు ఒకే గోదాము నుంచి వస్తూ ఉండవచ్చు. మీరు ఒక బ్యాంకులో తీసుకుని ఇంకో బ్యాంకులో డంప్ చేశాను (వెతికేసినవి తిరిగి ఇచ్చేశాను) కదా అనుకుంటారు. ఆ రెండింటి బండీ ఒకటే అయితే, మీరు వెండి ఏరేసిన డైమ్‌లు కొన్నాళ్లకు కొత్త పేపరు చుట్టుకుని మీ దగ్గరికే వస్తాయి. చెరిగి, రాళ్లు ఏరిపెట్టిన బియ్యంలో మళ్లీ రాళ్లు వెతికినట్టే.

దీని మీద ఇంకో జల్లెడ కూడా ఉంది. సూపర్ మార్కెట్లలో ఉండే చిల్లర లెక్కపెట్టే మెషీన్లు నాణేన్ని దాని లోహాన్ని బట్టి గుర్తుపడతాయి. క్లాడ్‌కు, వెండికి విద్యుత్ లక్షణాలు వేరు కాబట్టి వెండి డైమ్‌ను చాలాసార్లు అవి ఒప్పుకోకుండా కింది గిన్నెలోకి తోసేస్తాయి. అలాంటి మెషీన్లలోంచి గోదాముకు చేరే చిల్లరలో వెండి ముందే తగ్గిపోయి ఉంటుంది. (కాబట్టి ఆ మెషీన్ పక్క నుంచి వెళ్తుంటే కింది గిన్నెలో ఒకసారి చూడండి. ఎవరైనా అక్కడ నిలబడి ఉంటే ముందు వాళ్లను అడగండి.)

మీకు వస్తున్నవి ఇలా వడపోసినవేనా అని తెలుసుకునే మార్గం వెండి కాదు, వెండి కాకుండా దొరికేవి. ఎవరూ వెతకని చిల్లరలో వింతలు ఉంటాయి. కెనడా పది సెంట్లు, కరీబియన్ దీవుల నాణేలు, వంగినవి, మసి పట్టినవి, ప్రూఫ్ సెట్ (సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా మెరుగుపెట్టి ముద్రించిన నాణేల సెట్) విప్పి ఖర్చుపెట్టేసినవి తగులుతూ ఉంటాయి. మీ బాక్సులో వెండి లేకపోయినా ఇలాంటివి నాలుగైదు తగిలితే ఆ దారి ఇంకా బతికే ఉంది, కొనసాగించండి. వరసగా బాక్సులు విప్పినా ఒక్క కెనడా నాణెం కూడా రాకపోతే ఎవరో బాగా ఏరుతున్నారని అర్థం. అంచు మీద మార్కర్ చుక్క ఉన్న డైమ్‌లు కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. కొందరు డంప్ చేసేముందు కొన్నిటికి అలా గుర్తు పెట్టుకుంటారు, తమవి తిరిగి వస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి.

పరిష్కారం ఏమిటంటే, బ్యాంకు మార్చడం కాదు, బండి మార్చడం. బాక్సు మీద, రోల్ పేపరు మీద కంపెనీ పేరు ఉంటే రాసిపెట్టుకోండి. రెండు బ్యాంకుల బాక్సుల మీద ఒకే పేరు ఉంటే ఆ రెండూ మీ లెక్కలో ఒకే బ్యాంకు. తీసుకునే చోటు ఒక కంపెనీది అయితే, డంప్ చేసే చోటు ఇంకో కంపెనీది అయ్యేలా చూసుకోండి. అది కుదరకపోతే కొంచెం దూరంలో ఉన్న, వేరే ఊరి బ్రాంచిలో డంప్ చేయండి. విప్పి వెతికినవాటిని తీసుకున్న బ్రాంచిలోనే తిరిగి ఇవ్వడం మాత్రం ఎప్పుడూ వద్దు. మీ వేట పాడవడం ఒక సంగతి. లెక్కపెట్టి, సర్ది, బండికి పంపే భారం అక్కడి సిబ్బంది మీద పడుతుంది, తర్వాత మీరు అడిగితే బాక్సు తెప్పించరు.

రెండోది, బాక్సులనే పట్టుకుని కూర్చోవద్దు. కౌంటర్‌లో ఉన్నవాళ్లను మర్యాదగా "కస్టమర్లు చుట్టి ఇచ్చిన డైమ్ రోల్స్ ఏమైనా ఉన్నాయా?" అని అడగండి. ఇళ్లలో సీసాల్లో, డబ్బాల్లో ఏళ్ల తరబడి పోగైన చిల్లరను ఎవరో చేత్తో చుట్టి తెచ్చి ఇస్తారు. అది గోదాముకు వెళ్లకముందే, మెషీన్ తాకకముందే మీ చేతికి వస్తుంది. తాతగారు పోయాక మనవడు బల్ల సొరుగులో ఉన్న రోల్స్‌ను అలాగే తెచ్చి బ్యాంకులో ఇచ్చేసిన సందర్భాలు ఉంటాయి. మంచి వెండి వచ్చేది అక్కడి నుంచే. అయిదు రోల్సే ఉన్నాయంటే అయిదే తీసుకోండి. మీకు వచ్చినవాటిలో 49 ఉండొచ్చు, మధ్యలో పెన్నీ (ఒక సెంటు నాణెం) ఉండొచ్చు, కాబట్టి లెక్క చూసుకోండి.

సమస్య: అంచు తెల్లగా ఉంది, కానీ సంవత్సరం 1964 తర్వాతది

ముందు దీపం మార్చండి. పసుపు బల్బు కింద రాగి గీత సరిగా కనిపించదు. పగటి వెలుగులోనో, తెల్ల దీపం కిందో నాణేన్ని వేళ్ల మధ్య పట్టుకుని చుట్టూ తిప్పండి. కొన్ని క్లాడ్ డైమ్‌లలో పై పొర అంచు మీదికి సాగినట్టు ఉండి, ఒక పక్క రాగి దాదాపు కనిపించదు. పూర్తిగా తిప్పితే ఎక్కడో ఒకచోట బయటపడుతుంది.

చుట్టూ తిప్పినా రాగి లేదు, పైగా సంవత్సరం 1992 లేదా ఆ తర్వాతది, తేదీ పైన ఎస్ అక్షరం ఉంది అంటే పారేయకండి! శాన్ ఫ్రాన్సిస్కో మింట్ 1992 నుంచి ప్రూఫ్ సెట్ల కోసం వెండి డైమ్‌లు ముద్రిస్తోంది. 2018 వరకు 90 శాతం వెండి, 2019 నుంచి 99.9 శాతం. సెట్ విలువ తెలియనివాళ్లు వాటిని విప్పి ఖర్చుపెట్టేస్తారు. "1964 లేదా అంతకుముందు" అనే ఒక్క సూత్రంతో వెతికేవాళ్లు వీటిని చేజేతులా వదులుకుంటున్నారు. అయితే ఎస్ ఉన్నంత మాత్రాన వెండి కాదు, అదే మింట్ క్లాడ్ ప్రూఫ్‌లు కూడా చేస్తుంది. అంచే తేల్చాలి.

అంచుతో తేలకపోతే తూకం. గ్రాములో వందో వంతు చూపించే చిన్న త్రాసు కొనుక్కోండి. 90 శాతం వెండి డైమ్ 2.50 గ్రాములు, క్లాడ్ 2.27 గ్రాములు. బాగా అరిగిన వెండి కొంచెం తగ్గుతుంది కానీ క్లాడ్‌తో కలిసిపోయేంత తగ్గడం అరుదు. అయస్కాంతంతో పరీక్షిస్తున్నవాళ్లకు ఒక మాట: వెండీ అంటుకోదు, క్లాడూ అంటుకోదు. అది కెనడా నికెల్, ఉక్కు నాణేలను పట్టుకోవడానికి తప్ప దీనికి పనికిరాదు.

సమస్య: పేర్చి చూస్తే అన్నీ గోధుమ రంగే, తర్వాత చూస్తే అందులో వెండి ఉంది

రోల్ విప్పి 50 నాణేలు వరసగా పేర్చి అంచులు మాత్రమే చూడటం వేగంగా అవుతుంది, నిజమే. కానీ వెండి గాలిలోని గంధకంతో నల్లబడుతుంది. అంచు మీది గాడుల్లో మురికి చేరితే గోధుమ రంగులోకి కూడా తిరుగుతుంది. అది రాగి గీత లాగానే కనిపిస్తుంది. తేడా ఇదీ: క్లాడ్‌లో రాగి మధ్యలో మాత్రమే ఒక గీతగా ఉండి, రెండు వైపులా తెలుపు ఉంటుంది. మసి పట్టిన వెండిలో అంచు మొత్తం ఒకే రంగు. కాబట్టి వరసలో ఏది మిగతావాటిలా చారలుగా లేదో దాన్ని బయటికి తీసి సంవత్సరం చదవండి, తెల్లగా ఉన్నా నల్లగా ఉన్నా సరే. తోమకండి, రుద్దకండి. మర్క్యురీ డైమ్ (రూజ్‌వెల్ట్ బొమ్మ ఉన్న డైమ్‌కు ముందు వచ్చిన పాత వెండి డైమ్) అయితే తోమితే విలువ పోతుంది.

తేదీ అరిగిపోయి చదవలేకపోతే మింట్ అక్షరం (ఏ టంకశాలలో ముద్రించారో చెప్పే గుర్తు) ఎక్కడుందో చూడండి. రూజ్‌వెల్ట్ వెండి డైమ్‌లలో అక్షరం ఉంటే వెనకవైపు, దివిటీ అడుగున ఎడమ పక్కన ఉంటుంది. 1965 నుంచి 1967 వరకు అక్షరమే లేదు. 1968 నుంచి ముందువైపుకు, తేదీ పైకి వచ్చింది.

సమస్య: రోల్ విప్పకుండా తూచి కనిపెట్టాలనుకుంటే తేలడం లేదు

తేలదు. 50 క్లాడ్ డైమ్‌లు 113.4 గ్రాములు. ఒక వెండి కలిస్తే పెరిగేది పావు గ్రాము కంటే తక్కువ. పేపరు బరువులో తేడా, అరుగుదల, మురికి దాన్ని మింగేస్తాయి. రోల్ మొత్తం వెండి అయితే 125 గ్రాములు ఉంటుంది కాబట్టి అది పట్టుబడుతుంది. మిగతావాటికి విప్పాల్సిందే.

మిగతావి

1965 తేదీతో వెండి డైమ్ దొరికిందని ఎవరైనా అంటే, ముందు తూచమనండి. పాత వెండి బిళ్లల మీద పొరపాటున ముద్ర పడినవి ఉన్నాయి, కానీ మీ బాక్సులో వస్తుందని ఎదురుచూడకండి. 1982లో మింట్ అక్షరం లేకుండా వచ్చిన డైమ్‌లు, 1996లో డబ్ల్యూ అక్షరంతో మింట్ సెట్లలో మాత్రమే వచ్చినవి క్లాడే అయినా సేకరించేవాళ్లు ఎక్కువ ధర ఇస్తారు. అంచు మాత్రమే చూస్తే ఇవి జారిపోతాయి. కెనడా పది సెంట్లలో 1920 నుంచి 1966 వరకు 80 శాతం వెండి, 1967లో కొన్ని 80 శాతం, కొన్ని 50 శాతం వెండి, 1968లో కొన్ని 50 శాతం వెండి, కొన్ని నికెల్. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి కాదు.

దొరికినదాని విలువ లెక్క సులువు. 90 శాతం వెండి ఉన్న ఒక్కో అమెరికన్ డైమ్‌లో 0.0723 ట్రాయ్ ఔన్సుల వెండి ఉంటుంది. ఆ రోజు ఔన్సు ధరను దాంతో గుణించండి. మర్క్యురీ డైమ్ అయితే మాత్రం వెండి ధరకు ఇచ్చేసే ముందు సంవత్సరం, వెనకవైపు అక్షరం చూడండి. డి అక్షరం ఉన్న 1916 నాణేలు కేవలం 2,64,000 మాత్రమే ముద్రించారు. దాన్ని అనుభవం ఉన్నవాళ్లకు చూపించి, నకిలీ కాదని తేల్చుకున్నాకే ఏదైనా.