బాల్ జాయింట్ విప్పుతున్నారా? ఆ నట్టు పూర్తిగా తీయకండి

పోయిన ఆదివారం నాకు తెలిసిన ఒకాయన ఇంట్లోనే కారు బాల్ జాయింట్ (చక్రం వైపు భాగాన్ని సస్పెన్షన్ ఆర్మ్‌కు కలిపే, అటూఇటూ తిరిగే కీలు) మారుద్దామని కూర్చుని ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. తెలియనివాడేం కాదు. స్టాండ్లు పెట్టాడు, వెనక చక్రాలకు అడ్డు వేశాడు, కళ్ళద్దాలు కూడా పెట్టుకున్నాడు. చేసిన తప్పు ఒక్కటే. నట్టు మొత్తం విప్పి పక్కనున్న డబ్బాలో వేసి, ఆ తర్వాత సుత్తి అందుకున్నాడు.

ఇదే తప్పు చేసి దెబ్బ తిన్నవాళ్ళలో నేను చూసినవాడు ఇతను మూడోవాడు. అందుకే మిగతావి తర్వాత, ముందు ఇది.

బాల్ జాయింట్ స్టడ్, అంటే దాని నుంచి బయటికి పొడుచుకొచ్చిన మరల కడ్డీ, బిరడాలా ఒకవైపు సన్నబడుతూ ఉంటుంది. నకిల్‌లో (చక్రాన్ని మోసే భాగం) అదే ఆకారంలో ఉన్న రంధ్రంలోకి నట్టు దాన్ని లాగి బిగిస్తుంది. ఏళ్ళు గడిచి, తుప్పు కూడా తోడయ్యాక నట్టు తీసేసినా స్టడ్ కదలదు. మోసం అక్కడే ఉంది. ఊడటం లేదు కదా అని మనిషి ఇంకా దగ్గరికి జరుగుతాడు, చేయి ఆర్మ్ (బండి చట్రం నుంచి చక్రం వైపు వచ్చే భాగం) కిందికి పోతుంది. పదో దెబ్బకో ఇరవయ్యో దెబ్బకో స్టడ్ ఠపీమని వదిలేస్తుంది. లోయర్ ఆర్మ్ మీద కాయిల్ స్ప్రింగ్ కూర్చున్న బండైతే ఆ ఆర్మ్‌ను కిందికి తోసేది వందల కిలోల బలం. నట్టు ఉంటే పెద్ద చప్పుడు వస్తుంది, ఆర్మ్ నట్టు దగ్గర ఆగుతుంది. నట్టు లేకపోతే ఆపేది ఏదీ ఉండదు.

కాబట్టి నట్టును వదులు చేయండి, తీయకండి. నట్టు అంచు స్టడ్ కొసతో సమానంగా వచ్చేదాకా తిప్పి ఆపండి. దీనివల్ల ఇంకో లాభం, దెబ్బ పొరపాటున స్టడ్ మీద పడినా మరలు పాడవవు.

స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు భాగం) ఉన్న బళ్ళలో స్ప్రింగ్ స్ట్రట్‌లోనే బందీగా ఉంటుంది, ఆర్మ్ మీద అంత ఒత్తిడి ఉండదు. కానీ ఆర్మ్ కీళ్ళలోని బుష్‌లలో రబ్బరు మెలిపడి ఉంటుంది, రెండు వైపుల సస్పెన్షన్‌ను కలిపే స్టెబిలైజర్ బార్ లాగుతూ ఉంటుంది. నియమం మారదు.

జాకీ ఎక్కడ

కారు బరువు స్టాండ్ల మీద, కంపెనీ చెప్పిన చోట. జాకీ ఇక ఖాళీయే కాబట్టి దాన్ని లోయర్ ఆర్మ్ కింద, బాల్ జాయింట్‌కు వీలైనంత దగ్గరగా పెట్టి ఆనించండి. ఆనించడం చాలు. స్టాండు మీద నుంచి కారు లేస్తోందంటే ఎక్కువ ఎత్తారని అర్థం. కొన్ని బళ్ళలో స్ప్రింగ్ పైన ఉండే ఆర్మ్ మీద కూర్చుంటుంది. వాటిలో ఈ పద్ధతి పనికిరాదు, ఆ బండి మాన్యువల్ చూడకుండా ముట్టుకోవద్దు.

తక్కువ ఖర్చులో ఊడదీయడం

ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. ఉన్నవాటిలో చవకైంది సుత్తి పద్ధతి. స్టడ్ దూరిన నకిల్ కన్ను పక్కన, స్టడ్ మీద కాదు, బరువైన సుత్తితో గట్టిగా కొట్టాలి. అటువైపు ఇంకో బరువైన ఇనుప ముక్క ఆనిస్తే దెబ్బ వృథా పోదు. సుత్తిని సుత్తితో మాత్రం కొట్టకండి, గట్టిపరిచిన ముఖాలు పెచ్చులుగా లేచి కంట్లోకి వస్తాయి. నకిల్ అల్యూమినియందైతే ఈ పద్ధతి మర్చిపోండి, పగులుతుంది.

రెండోది ఫోర్క్, సందులోకి కొట్టి దూర్చే రెండు కొసల పనిముట్టు. చవకే, కానీ రబ్బరు బూటును చీల్చేస్తుంది. పాత జాయింట్ ఎలాగూ పారేసేదైతేనే వాడండి. నా ఓటు మాత్రం స్టడ్‌ను నెట్టి ఊడదీసే స్క్రూ పుల్లర్‌కి. కొనలేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. స్క్రూ బిగించి, తల పక్కకు తప్పించి, కన్ను మీద ఒక్క దెబ్బ వేస్తే చాలాసార్లు అక్కడికే వదిలేస్తుంది. పుల్లర్ వాడినా నట్టు స్టడ్ మీదే ఉండాలి. లేకపోతే పుల్లరే ఎగిరి వస్తుంది.

జాయింట్ ఆర్మ్‌లోకి ప్రెస్ చేసి (బలంగా నొక్కి దూర్చి) ఉంటే ముందు దాన్ని జారకుండా పట్టే సర్‌క్లిప్ తీయండి. తీయకుండా ప్రెస్ బిగించి ఆర్మ్ వంచేసినవాళ్ళున్నారు. ప్రెస్ దొరక్కపోతే జాయింట్‌తో సహా ఆర్మ్ మొత్తం మార్చడమే ఒక్కోసారి చవక.

వదిలిన చప్పుడు వినగానే సంతోషంతో నట్టు లాగేయకండి. నట్టుకీ నకిల్‌కీ మధ్య సందు కనపడేదాకా జాకీని కొద్దికొద్దిగా ఎత్తండి. ఇప్పుడు నట్టు వేళ్ళతో తిరగాలి. పానా కావాల్సి వస్తే బరువు ఇంకా దాని మీదే ఉండవచ్చు. లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు ఎలాగూ బిగుతుగానే తిరుగుతుంది, దానికి ఆ సందే గుర్తు. నట్టు తీశాకే జాకీని మెల్లగా దించండి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో:

– ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండ్లు కావు.

– విప్పిన చక్రం కారు అంచు కింద పడుకోబెట్టండి.

– గ్యాస్ మంట పెట్టొద్దు. లోపలి గ్రీజు వేడెక్కితే జాయింట్ పేలినట్టు విచ్చుకుంటుంది. పక్కనే బ్రేక్ పైపు కూడా ఉంటుంది.

– బ్రేక్ కాలిపర్ తీస్తే తీగతో కట్టండి. బ్రేక్ పైపు మీద వేలాడదీయొద్దు.

– చక్రం దగ్గరి ఏబీఎస్ (బ్రేక్ సెన్సర్) వైరు ముందే విప్పండి.

– నకిల్‌ను బయటికి లాగకండి, డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ జారిపోతుంది.

– నట్టుకు బదులు పక్కనుంచి బిగించే పించ్ బోల్టు రకమైతే బోల్టు వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి రావాలి. అది స్టడ్ గాడిలో అడ్డంగా ఉంటుంది. ఇక్కడ పట్టి ఉంచే నట్టు లేదు కాబట్టి బోల్టు తీసేముందే జాకీ ఆనించి ఉండాలి.

– చేయి ఆర్మ్ కింద పెట్టొద్దు. వదిలాక కూడా.

– స్టడ్ వదలకముందు నట్టు తీయొద్దు. మళ్ళీ చెప్తున్నాను. పిల్లవాడిని సాయానికి పిలిస్తే వాడికీ చెప్పండి, ఉత్సాహంగా తీసేది వాళ్ళే.

– కొత్తది పెట్టేటప్పుడు స్టడ్, రంధ్రం శుభ్రంగా, పొడిగా తుడవండి. అక్కడ గ్రీజు వద్దు.

– పాత కాటర్ పిన్ (నట్టు తిరగకుండా అడ్డంగా దూర్చేది) వద్దు. పాత నైలాన్ నట్టూ వద్దు.

– బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాక పిన్ రంధ్రం కుదరకపోతే ఇంకొంచెం బిగించి కుదర్చండి. వెనక్కి తిప్పి కాదు.

– చక్రాల అలైన్‌మెంట్ చూపించేదాకా దూర ప్రయాణం పెట్టుకోవద్దు.