పెద్దవాళ్లలో ఇన్ఫెక్షన్, ప్రాణాపాయం అంచనా – 3వ పాఠం: క్యూసోఫా

థర్మామీటర్‌లో జ్వరం కనిపించకపోయినా ముసలివాళ్లకి ఇన్ఫెక్షన్ ముదిరి ఉండొచ్చని క్రితం పాఠంలో చెప్పుకున్నాం. మరి ప్రమాదం ఎంతో తెలిసేదెలా?

ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి ప్రాణాపాయం ఎంతో పాయింట్లలో అంచనా వేసే చిన్న లెక్కే క్యూసోఫా (qSOFA). 2016లో వచ్చిన దీనికి రక్తపరీక్ష అక్కర్లేదు. ఒడిశాలోని మన గజపతి జిల్లాలో ఏ చిన్న ఆస్పత్రిలోనైనా మంచం పక్కనే వేయొచ్చు. ఊపిరి నిమిషానికి 22 లేదా ఆపైన ఉంటే ఒక పాయింటు. పై బీపీ 100 లేదా అంతకు తక్కువైతే ఒకటి. తెలివిలో, అంటే స్పృహలో తేడా ఉంటే ఇంకొకటి. మొత్తం రెండు దాటినా, రెండే ఉన్నా ప్రాణాపాయం ఎక్కువని అర్థం.

అన్నిటికన్నా ఎక్కువ నిర్లక్ష్యం జరిగేది ఊపిరి దగ్గరే. చూడకుండానే చీటీలో 20 అని రాసేస్తారు. అలా చేయకండి. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, కళ్లు ఛాతీ మీద పెట్టి, నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరే మారిపోతుంది. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే, ఒక్క ఊపిరి తప్పినా నాలుగు తేడా వస్తుంది.

తెలివి సంగతిలో మన పర్లాకిమిడి వైపు ఒక చిక్కుంది. డ్యూటీలో ఉన్నవాళ్లు ఒడియాలో అడుగుతారు, మామ్మకి తెలుగు తప్ప రాదు. పలకకపోతే తెలివి తప్పిందని రాసేస్తారు. చెవుడైనా ఇంతే. దగ్గరికి వంగి, ‘మామ్మా, నిన్నెవరు తీసుకొచ్చారు?’ అని తెలుగులో అడగండి. తర్వాత, వెంట వచ్చినవాళ్లని ‘మొన్నటిదాకా ఎలా ఉండేది? తన అన్నం తనే తినేదా?’ అని అడగండి. కొత్తగా వచ్చిన తేడాకే పాయింటు.

బీపీ పాత చీటీతో పోల్చి చూడండి. ఎప్పుడూ 160 ఉండే మనిషికి 112 వస్తే పాయింటు పడదు, కానీ నాకైతే అది భయపెట్టే అంకే. గుండె వేగాన్ని తగ్గించే అటెనొలాల్ వంటి బీపీ మాత్ర వాడుతుంటే నాడి కూడా వేగంగా కొట్టుకోకపోవచ్చు.

సున్నా వచ్చిందని ఇంటికి పంపేయకండి. క్యూసోఫా ఒక్కదాన్నే నమ్మి సెప్సిస్‌ని (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితిని) జల్లెడ పట్టొద్దని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. టైము వేసి రాసి, కాసేపాగి మళ్లీ లెక్కపెట్టండి. బరంపురానికో శ్రీకాకుళానికో పంపాల్సివస్తే ఈ అంకెలన్నీ చీటీలో ఉండాలి. షాక్ (బీపీ బాగా పడిపోయి అవయవాలకి రక్తం సరిగా అందని స్థితి) అనుమానం ఉంటే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి కాబట్టి, అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా డాక్టరుని అడిగి మొదటి డోసు ఇక్కడే వేయించండి.

అభ్యాసం: కాశీనగరం వైపు నుంచి 74 ఏళ్ల తాత వచ్చారు. జ్వరం లేదు, దగ్గుంది. ఊపిరి 26, బీపీ 108. నిన్న సాయంత్రం నుంచి కొడుకునే పోల్చుకోవడం లేదు. క్యూసోఫా ఎంత? కొడుకుని ఇంకా ఏమేం అడుగుతారు? రాసి ఉంచుకోండి. 4వ పాఠంలో ఇదే తాతకి న్యుమోనియా అనుకుని న్యుమోనియా ఎంత తీవ్రమో చెప్పే సీఆర్‌బీ-65 లెక్క వేద్దాం.