చలికి గడ్డకట్టిన గేర్ ఆయిల్ – నా అనుభవం
డల్లాస్‌లో ఉన్నప్పుడు మా పాత ఆర్మీ ట్రక్కు ఎం35ఏ2కి గేర్‌బాక్స్, డిఫరెన్షియల్స్ (చక్రాలకి శక్తి పంచే ఇరుసు గేర్లు) అంతటా 85డబ్ల్యూ-140 అనే చిక్కటి గేర్ ఆయిల్ పోసేవాణ్ణి, 40 డిగ్రీల ఎండలో కూడా హాయిగా తిరిగేది. మిన్నెసోటా వచ్చాక మైనస్ 22లో పొద్దున్నే న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే చాలు ఇంజిన్ ఆగిపోయేది, క్లచ్ పోయిందేమో అని వారం బుర్ర బద్దలుకొట్టుకున్నా, తీరా గేర్‌బాక్స్ ఆయిల్ ప్లగ్ విప్పితే ఆయిల్ ముదురు పాకంలా కదలట్లేదు. డబ్ల్యూ ముందున్న అంకె ఆయిల్ ఎంత చలి వరకు పనిచేస్తుందో చెబుతుంది: 85డబ్ల్యూ లెక్క మైనస్ 12 వరకే, 80డబ్ల్యూ మైనస్ 26, 75డబ్ల్యూ అయితే మైనస్ 40. గ్యారేజీలో రాత్రంతా హీటర్ పెడితే గానీ కారలేదు మహానుభావుడు! మూడు డిఫరెన్షియల్స్‌లో 75డబ్ల్యూ-90 జీఎల్-5 (జీఎల్ అంటే గేర్ల ఒత్తిడిని ఆయిల్ ఎంత తట్టుకుంటుందో చెప్పే గ్రేడు) పోశా, గేర్‌బాక్స్‌కి మాత్రం జీఎల్-4, ఎందుకంటే కొన్ని జీఎల్-5 ఆయిల్స్‌లో సల్ఫర్ ఇత్తడి పార్టుల్ని తినేస్తుంది. ఇప్పుడు గేర్లు పడుతున్నాయి, మొదటి ఐదు నిమిషాలు కాస్త మొండికేస్తుంది అంతే.