ఊళ్లో ఆధార్ క్యాంపు: ముందు రోజే చూసుకోవాల్సినవి

క్యాంపులో మిషన్ దగ్గర పోయే టైం కంటే కాగితాల దగ్గర పోయేదే ఎక్కువ. అందుకే క్యాంపు పని చూసేవాళ్లు ముందు రోజు సాయంత్రమే ఇల్లిల్లూ తిరగండి.

మొదట అడగాల్సింది ఒకటే: ఇదివరకు ఎక్కడన్నా ఆధార్ దిగారా? పాలమూరు నుంచి బొంబాయి, పూణె వలసపోయినవాళ్లు అక్కడే దిగి ఉంటారు, కార్డు మీద మరాఠీ అక్షరాలుంటాయి. అది పోయిందని ఇక్కడ కొత్తగా దిగితే వేలిముద్రలు పాతవాటితో కలిసి దరఖాస్తు రిజెక్ట్ అవుతుంది. పాత 12 అంకెల నంబరే వెతికించుకుని (1947కు ఫోన్ చేస్తే దారి చెప్తారు) అడ్రసు, భాష మార్పించుకోవాలి. 18 ఏళ్లు దాటి మొదటిసారి దిగేవాళ్లను అన్ని సెంటర్లలో తీసుకోరు, ముందే కనుక్కోండి.

రేషన్ కార్డులో లక్ష్మమ్మ, పాస్‌బుక్కులో లక్ష్మి అని ఉంటే ఏ పేరు కావాలో ఇంట్లోనే తేల్చుకోండి. పేరు రెండుసార్లే మారుస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. పింఛను కోసమని తోచిన తేదీ వేయిస్తే తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం. 2016లో జిల్లాలు విడిపోయాక కూడా సూర్యాపేట, వనపర్తి వాళ్ల కార్డుల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ అనే ఉండొచ్చు. దానికి కంగారు పడక్కర్లేదు.

ఇక వేళ్లు. పత్తి ఏరి, కంకర కొట్టి, సిమెంటు కలిపిన చేతుల్లో గీతలు అరిగిపోతాయి. సబ్బుతో కడిగించి పూర్తిగా తుడవాలి. చర్మం మరీ ఎండిపోయి ఉంటే ముద్ర తెల్లగా, తెగిపోయినట్టు పడుతుంది. అప్పుడు తడిబట్టతో ఒకసారి అద్దితే చాలు. చెమట ఉంటే నల్లగా అలుక్కుపోతుంది. ఎడమచేతి నాలుగు వేళ్లు, కుడిచేతి నాలుగు, చివరికి రెండు బొటనవేళ్లు. వేలి కొనలు కాదు, వేళ్లు పరిచి ఆనించాలి. నలుగురైదుగురికోసారి మిషన్ మీది అద్దం తుడవండి. వేళ్లు లేనివాళ్లను వెనక్కి పంపొద్దు, వాళ్లకు మినహాయింపు పద్ధతి ఉంది. కంటిపాపల ఫొటో తీసేటప్పుడు ముఖం మీద ఎండ పడకూడదు, చెట్టు కింద కంటే పంచాయతీ గది నయం.

అయిదేళ్లలోపు పిల్లలకు ఫొటో మాత్రమే, తల్లో తండ్రో తమ ఆధార్‌తో వేలిముద్ర వేస్తారు. 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు జనన ధ్రువపత్రం తప్పనిసరి. 5 ఏళ్లకు, మళ్లీ 15 ఏళ్లకు వేలిముద్రలు ఇవ్వాలి. 5–7, 15–17 మధ్య ఇస్తే ఉచితం. కొత్తగా దిగడానికీ పైసా ఇవ్వక్కర్లేదు.

ఇది పౌరసత్వానికి రుజువు కాదని కూడా చెప్పండి. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉన్న విదేశీయులకూ ఇస్తారు.

సంతకం పెట్టేముందు తెర మీద తెలుగు చదవాలి. ఇంగ్లీషు కొట్టగానే తెలుగు దానంతటదే పడుతుంది, సాయిలు కాస్తా సైలు అవుతాడు. చదువురానివాళ్ల పక్కన ఒకర్ని నిలబెట్టండి. రసీదు మీద 14 అంకెల నంబరుతోపాటు తేదీ, టైం కూడా కలిస్తేనే స్టేటస్ తెలిసేది. పైభాగం చినిగితే పని ఆగుతుంది, అక్కడే ఫోన్లో ఫొటో తీసిపెట్టండి.