ల్యాబ్ స్విచ్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే ముందు జాగ్రత్తలు

సీసీఎన్‌ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష) ప్రాక్టీసుకు పాత సిస్కో స్విచ్‌లు కొని నేర్చుకున్నవాళ్లు, ఆఫీసులో మొదటిసారి చెయ్యి పెట్టే ముందు ఇవి చూసుకోండి.

– ల్యాబ్ స్విచ్‌ని నేరుగా ఆఫీసు ట్రంకుకి, అంటే చాలా వీలాన్‌లను (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌లు) మోసే లింకుకి, తగిలించకండి. వీలాన్ జాబితాను స్విచ్‌ల మధ్య పంచే వీటీపీ ప్రోటోకాల్ వెర్షన్ 1, 2లలో డొమైన్ పేరు, పాస్‌వర్డ్ రెండు చోట్లా ఒకటే అయి, ల్యాబ్ స్విచ్ రివిజన్ నంబరు (జాబితా మారినప్పుడల్లా పెరిగే అంకె) ఎక్కువుంటే ఆఫీసు వీలాన్‌లు చెరిగిపోయి ల్యాబ్‌వి వచ్చి కూర్చుంటాయి. ల్యాబ్ స్విచ్ క్లయింట్ మోడ్‌లో (వీలాన్‌లను దానిలో మార్చలేని మోడ్) ఉన్నా ఇదే ప్రమాదం! స్టార్టప్ కాన్ఫిగ్ (సేవ్ చేసిన సెట్టింగులు) చెరిపితే చాలదు. ఫ్లాష్‌లోని వీలాన్.డాట్ (vlan.dat) ఫైలు కూడా తీసేసి రీలోడ్ చేయండి. 'షో వీటీపీ స్టేటస్'లో రివిజన్ 0 అని కళ్లారా చూశాకే కేబుల్ పెట్టండి.

– ట్రంకులో కొత్త వీలాన్ చేర్చేటప్పుడు కమాండులో 'యాడ్' అనే పదం మరవద్దు. అది లేకపోతే పాత జాబితా పోయి ఆ ఒక్కటే మిగులుతుంది.

– దూరం నుంచి మార్చేటప్పుడు, ఉన్న కాన్ఫిగ్ సేవ్ చేసి 'రీలోడ్ ఇన్ 10' కొట్టండి. మధ్యలో లింకు తెగినా పది నిమిషాలకు పాత కాన్ఫిగ్‌తో రీస్టార్ట్ అవుతుంది, టెన్షన్ ఉండదు. అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్', తర్వాతే సేవ్.

– 'డీబగ్ ఆల్' (జరిగే ప్రతిదీ తెరమీద చూపించే కమాండు) ల్యాబ్ వరకే. రద్దీ రౌటర్‌లో సీపీయూ మొత్తం అదే తినేస్తుంది.

– కన్సోల్ కేబుల్ (ల్యాప్‌టాప్‌ని నేరుగా స్విచ్‌కి కలిపేది) బ్యాగులో ఉండాలి. ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్) పోతే లోపలికి వెళ్లే దారి అదే.